టెంటు కాపలా

కొండమీదికి తీసుకెళ్లే టెంపేని, అంటే పులియబెట్టిన సోయాగింజల అచ్చుని, తొందరపడి దించకూడదు. సన్నగా తరిగిన ముక్కలు కరకరలాడేదాకా నూనెలో వేగాలి. తర్వాత కొబ్బరి బెల్లం, మిరపకాయల పాకంలో దొర్లించి ఆరబెట్టాలి. అప్పుడే నాలుగైదు రోజులు మెత్తబడకుండా ఉంటుంది. ఆ సాయంత్రం నేను రెండో వాయి వేయిస్తుండగా ముందుగదిలో చప్పట్లు వినపడ్డాయి. గరిటెతోనే వెళ్లి తొంగిచూశాను. ఆ చప్పట్లు నాకేనట.

"భోజనాల విభాగం, ఎప్పటిలాగే, మా ఆవిడ వుర్యానీ," అని చదివారు మా ఆయన హర్జోకో. చాపమీద రింజానీ కొండ పటం పరుచుకుని చుట్టూ కూర్చున్న గిరిమిత్ర సంఘం మగవాళ్లంతా నావైపు తిరిగి నవ్వారు. నేనూ నవ్వాను. ఈలోగా వెనక బాణలిలోంచి మాడువాసన వచ్చింది. ఆ వాయి మొత్తం పారబోయాల్సి వచ్చింది, మళ్లీ మొదటినుంచి తరగాల్సి వచ్చింది.

మా సలాతిగా ఊళ్లో నలుగురు కలిసి ఒక మొక్క నాటాలన్నా ముందు కమిటీ వేస్తారు. అధ్యక్షుడు, కోశాధికారి, రవాణా, ఫోటోలు, అన్నిటికంటే చివర్న భోజనాలు. ఆ చివరి వరసలో నా పేరు రాసేటప్పుడు నన్ను అడగాలని ఇంతవరకూ ఎవరికీ తోచలేదు. వీధి కమిటీలో అంతే, చుట్టాల పెళ్లిళ్లలో అంతే, నేను లెక్కలు చెప్పే బడిలో కూడా అంతే. పోయినేడు నాలుగో తరగతికి కొత్త లెక్కల పుస్తకం ఎంచుకునే మీటింగు పెట్టారు. ఏ పుస్తకం ఎందుకు బాగుందో నేను రెండు రాత్రులు కూర్చుని ఆలోచించుకున్నాను. మీటింగు మొదలవగానే హెడ్మాస్టరు గారు, "వుర్యానీ గారి చేతి అరటిపండు బజ్జీలు పడితేగానీ మన బుర్రలు పనిచేయవు," అన్నారు. నేను బజ్జీల పళ్లెంతో తిరిగొచ్చేసరికి పుస్తకం ఖరారైపోయింది. బజ్జీలు మాత్రం చాలా బాగున్నాయన్నారు.

కొండలు కూడా నాకు ఈ దారినే పరిచయమయ్యాయి. మా పుట్టింటి పెరట్లో బట్టలారేసే తీగ వెనక మెర్బాబూ కొండ కనిపించేది. దానిమీదికెక్కి చూస్తే మా ఇంటి పెంకులు ఎలా కనపడతాయా అని చిన్నప్పుడు తెగ ఆలోచించేదాన్ని. ఆడపిల్లకి కొండలేమిటని నాన్న కొట్టిపారేశారు. పెళ్లయ్యాక చూస్తే మొగుడే కొండలెక్కే మనిషి! నా అదృష్టానికి నేనే మురిసిపోయాను. మా అత్తగారు కూడా అడ్డుచెప్పకపోగా తనే నన్ను తోలారు. "వాడు కొండలమీద ఆ నూడుల్స్ తిని తిని కడుపు పాడుచేసుకుంటున్నాడు. నువ్వూ వెళ్లు. రెండు పూటలా వేడన్నం పడుతుంది," అన్నారు. ఆ మాటలో నా ఉద్యోగం మొత్తం ఉందని అప్పుడు తెలుసుకోలేదు.

మొదటిసారి మెర్బాబూకే వెళ్లాం. ఆ రాత్రి పైకి బయల్దేరే ముందు బూట్ల తాళ్లు కట్టుకుంటుంటే ఆయన పక్కన కూర్చుని మెల్లగా, "ఇలాంటప్పుడు ఆడవాళ్లు శిఖరం తొక్కితే కొండ ఊరుకోదంటారు వుర్. నీకేమైనా అయితే నేను మీ వాళ్లకి ఏం చెప్పను? ఈసారికి టెంట్ల దగ్గర ఉండు," అన్నారు. కొత్త పెళ్లికూతుర్ని, నెలసరి వచ్చిందని సిగ్గుపడుతూ పొద్దున నేనే ఆయన చెవిలో చెప్పాను. రెండోసారి ఎవరికో జ్వరం తగిలింది, తోడుండాలన్నారు. మూడోసారి వాన. ఆ తర్వాత ఆయన కారణం చెప్పడం మానేశారు, నేను అడగడం మానేశాను. చూస్తుండగానే జావాలో, బాలీలో, సుమత్రాలో ఎన్ని కొండలు తిరిగామో. అన్నిచోట్లా నేను చూసింది ఒకటే, టెంటు ముందు పొయ్యి. మా సంఘానికి ఇంకో గొప్ప కూడా ఉంది. కూలీలని పెట్టుకోం, మా సామాను మేమే మోస్తాం అని బనియన్లమీద అచ్చు వేయించుకున్నారు. గిన్నెలు, బియ్యం మోసే వీపు ఎప్పుడూ నాదే.

వాళ్లు శిఖరానికి వెళ్లగానే నేను స్లీపింగ్ బ్యాగులు దులిపి ఎండలో వేస్తాను. నీళ్లు తెస్తాను. కోతుల్ని తోలుతాను. వాళ్లు దిగొచ్చే వేళకి అన్నం పొగలు కక్కుతూ ఉండాలి. మధ్యలో కింది నుంచి ఎక్కొచ్చేవాళ్లు టెంటు దగ్గర ఆగి ఆయాసపడుతూ అడుగుతారు, ఇంకెంత దూరం అమ్మా అని. మా కొండలమీద ఆ ప్రశ్నకి ఒకటే జవాబు. దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి చెప్పేది, ఎవరైనా ఎవరికైనా చెప్పేది అదే: "ఇంకొంచెమే. దగ్గరే." సగం రోజు నడక మిగిలి ఉన్నా అదే మాట. అడిగినవాళ్లకి అది అబద్ధమని తెలుసు, అయినా కాళ్లలోకి కాస్త సత్తువ వస్తుంది. నేనూ అందరికీ అదే చెప్పేదాన్ని. నువ్వు చూశావా అమ్మా అని ఒక్కరూ అడగలేదు కాబట్టి సరిపోయింది. చూడని శిఖరాలన్నిటికీ పూచీ పడుతూ గడిపేశాను.

మా ఇంటి నడవలో గోడంతా ఆ శిఖరాల ఫోటోలే. ఇంటికొచ్చిన వాళ్లకి ఆయన ఒక్కొక్కటీ చూపించి కథ చెబుతారు. నేను కాఫీ తెచ్చేసరికి సరిగ్గా కెరించి కొండ ఫోటో దగ్గరికి వస్తారు. అందులో కింద, చాలా కింద, చెట్ల అంచున ఒక నారింజ రంగు చుక్క ఉంటుంది. మా పెద్ద టెంటు అది. ఆయన దానిమీద వేలుపెట్టి, "ఇదిగో, ఈ చుక్క మా ఆవిడే," అంటారు. అందరూ నవ్వుతారు. కాఫీలో చక్కెర సరిపోయిందా అని అడుగుతాను నేను.

ఆయన మోకాలు ఈమధ్య బాగా అరిగింది. రోజూ రాత్రి నూనె రాసేది నేనే కాబట్టి ఎంత అరిగిందో ఆయనకంటే నాకే బాగా తెలుసు. రింజానీయే తన చివరి పెద్ద కొండ అనీ, అది దిగాక సంఘం పెత్తనం కుర్రవాళ్లకి అప్పజెప్పేస్తాననీ ఆయన ప్రకటించిన రోజున నాకు ఒకటే తట్టింది. ఆయన ఆగిపోతే నేనూ ఆగిపోతాను. కొండలన్నీ తిరిగి ఒక్క శిఖరమూ చూడని మనిషిగా మిగిలిపోతాను. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, "ఈసారి నేనూ పైదాకా వస్తాను," అన్నాను. ఆయన చేప ముల్లు తీసుకుంటూ, "ముందు అక్కడికి చేరనీ, చూద్దాం," అన్నారు. ఆ చూద్దాం అనే మాటని నేను సరేనన్నట్టే తీసుకున్నాను. సంఘం పేరున పెద్ద బ్యానర్ కుట్టించారు, శిఖరం మీద పట్టుకుని ఫోటో దిగడానికి. అంచులు మడిచి కుట్టింది నేనే. కుడుతూ కుడుతూ, దీని ఒక కొస నేను పట్టుకుంటాను కదా అనుకున్నాను.

బస్సులు, ఓడలు మారి రింజానీ ఉన్న లోంబోక్ ద్వీపం చేరి సెంబలున్ పల్లె నుంచి నడక మొదలుపెట్టాం. గడ్డి మైదానం దాటాక పశ్చాత్తాపపు గుట్టలని ఏడు గుట్టలొస్తాయి. ఒకటి ఎక్కగానే అయిపోయిందనుకుంటాం, వెనకాల ఇంకోటి ఉంటుంది. అక్కడ అందరూ ఎందుకొచ్చామురా అనుకుంటారు. నాకు మాత్రం అలా అనిపించలేదు. వీపున బియ్యం, గిన్నెలు ఉన్నా పాట పాడుకుంటూ ఎక్కాను. నా ముందు కినాంతి నడుస్తోంది. మా సంఘంలో గలీహ్ అనే కుర్రాడికి కొత్తగా పెళ్లయింది, ఆ పిల్లే. కాలేజీలో ఉండగానే స్నేహితురాళ్లతో కలిసి సెమెరూ శిఖరం ఎక్కొచ్చిందట. ఆ సంగతి గలీహ్ చెప్పలేదు, దార్లో తనే చెప్పింది, అదీ గొంతు తగ్గించి. గలీహ్‌కి ఇదే మొదటి పెద్ద కొండ.

పైన గట్టుమీద టెంట్లు వేసుకునేసరికి సాయంత్రమైంది. ఒకపక్క లోయలో పచ్చటి సరస్సు, ఇంకోపక్క బూడిద రంగు వాలు. ఆ వాలు చివర్న శిఖరం. కోతులు అప్పుడే టెంట్ల చుట్టూ చేరాయి. అందరూ అన్నం తింటుండగా ఆయన మర్నాటి ఏర్పాట్లు చెప్పారు. ఎవరు ముందు నడవాలి, ఎవరు వెనక, ఎవరి దగ్గర కెమెరా. చివర్న ప్లేట్లోకి చూస్తూనే, "టెంట్ల దగ్గర వుర్, కినాంతి," అన్నారు.

అందరి ముందూ అడగకూడదని ఆగి, గిన్నెలు తోముతున్న చోటికి ఆయన చేతులు కడుక్కోవడానికి వచ్చినప్పుడు గుర్తుచేశాను. ఆయనకి నిజంగానే గుర్తులేదు. గుర్తు తెచ్చుకోవడానికి కాస్త సమయం పట్టింది.

"ఇప్పుడా వుర్? ఈ వయసులో ఆ ఇసక వాలు ఎక్కగలవా? పైగా నువ్వొస్తే ఆ పిల్లకి పని ఎవరు నేర్పుతారు? ఇకనుంచి ఇదంతా చూసుకోవాల్సింది తనే కదా."

ఆయన గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. బియ్యం ఎక్కడున్నాయో, స్టవ్ ఎలా వెలిగించాలో చెప్పినట్టే చెప్పారు. నా ఉద్యోగానికి వారసురాలు దొరికిందన్నమాట. బ్యానర్ వంట సంచిలో ఉంది, మర్చిపోకుండా తీసుకోండి అని మాత్రం చెప్పాను. ఆ ఆ, అన్నారు.

నడిరాత్రి వాళ్లు టార్చీలు వెలిగించుకుని వెళ్లిపోయారు. తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని బయటికొచ్చేసరికి కినాంతి టెంటు ముందు బూట్లు వేసుకునే కూర్చుని ఉంది. రాత్రి వేసుకున్నవి విప్పలేదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నేను స్టవ్ వెలిగించి కాఫీ పెట్టాను. బియ్యం సంచీ ముడి విప్పుతూ, ఇక్కడ అన్నం ఊళ్లోలాగా తొందరగా ఉడకదనీ, నీళ్లు ఎక్కువ పోయాలనీ, మూతమీద రాయి పెట్టాలనీ అలవాటుగా చెప్పుకుపోతున్నాను. ఆ పిల్ల వింటూ వింటూ, "పైన ఎలా ఉంటుందక్కా?" అంది.

నేను చెప్పబోయాను. ఎన్ని ఫోటోలు చూశాను, ఎన్ని కథలు విన్నాను, కళ్లకి కట్టినట్టు చెప్పగలను. నోరు తెరిచాను. ఎవరి మాటలు చెప్పబోతున్నానో అప్పుడు తట్టింది. ఆయన నడవలో నిలబడి చెప్పే మాటలే, చేతులు తిప్పడంతో సహా.

"నాకు తెలీదు," అన్నాను.

"అంటే?"

"నేనెప్పుడూ ఎక్కలేదు. ఏ కొండా పైదాకా ఎక్కలేదు."

కినాంతి నావైపు అలా చూస్తూ ఉండిపోయింది. జాలిపడి ఉంటే ఏమయ్యేదో తెలీదు గానీ, ఆ పిల్ల కళ్లలో నాకు కనిపించింది భయం. ఇరవయ్యేళ్ల తర్వాత తను ఎలా ఉంటుందో చూసుకుంటోంది. నా చేతిలో బియ్యం సంచీ ఉంది. ఆ చేతులమీద నాకు ఒక్కసారిగా ఎంత కోపం వచ్చిందంటే, ఆ ముడిని మళ్లీ బిగించి కట్టేశాను.

"పద," అన్నాను.

"ఎక్కడికక్కా?"

"ఇంకెక్కడికి?"

"మరి కోతులు?"

"వాటికీ ఆకలేస్తుంది కదమ్మా."

అలా అన్నానే గానీ ఇన్నేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? గుడ్లు, ఎండుచేపలు గిన్నెల్లో పెట్టి మూతలమీద రాళ్లు పెట్టాను. వంట టెంటు జిప్పు ఎప్పుడో చెడిపోయింది, కోతులు దూరకుండా కట్టడానికి తాడు కోసం సంచిలో చెయ్యి పెడితే బ్యానర్ తగిలింది. తీసుకెళ్లలేదు! నేను సంచిలోంచి తీసి ఆయన వీపుమీద పెడితేగానీ అది వెళ్లదు కదా. నీలం గుడ్డ, బంగారు రంగు అక్షరాలు, నా చేతి కుట్టు. ఒక్క క్షణం ఆగాను. ఇది పట్టుకుని పరిగెత్తితే ఎంత మెచ్చుకుంటారో నాకు తెలుసు. ఆ మెప్పు రుచి కూడా తెలుసు, అరటి బజ్జీలంత తియ్యగా ఉంటుంది. బ్యానర్‌ని మెలితిప్పి టెంటు మూతికి అడ్డంగా బిగించి ముడేశాను. గట్టి గుడ్డ, బాగా ఆగింది.

చెట్లు దాటేదాకా బాగానే నడిచాను. తర్వాత ఆ బూడిద వాలు వచ్చింది. అడుగు పైకి వేస్తే ఇసక, గులకరాళ్లు కలిసి మనల్ని కిందికి తెచ్చేస్తాయి. గాలి ఒకవైపు నుంచి తోస్తుంది, రెండువైపులా లోయ. నాలుగడుగులు వేస్తే రెండడుగులు కిందికి జారాను. బరువులు మోసిన ఒళ్లు, నిజమే, కానీ ఇలాంటి నడక దానికి తెలీదు. కినాంతి మేకపిల్లలా ఎక్కేస్తోంది. మధ్యమధ్య ఆగి చూస్తోంది. నాకోసం ఆగొద్దని చేత్తో సైగ చేశాను. అయినా ఆగింది. బూటు ముందు భాగాన్ని గోడకి మేకు కొట్టినట్టు ఇసకలోకి కొట్టి, దానిమీద బరువు వేసి, అప్పుడు రెండో కాలు తీయాలని వెనక్కొచ్చి చూపించింది. అలా చేస్తే కాస్త నిలిచింది. కాసేపటికి నేనే ఒక ఊపు పట్టుకున్నాను. ఒక అడుగు హెడ్మాస్టరు గారి మీద, ఒక అడుగు నడవలో ఫోటోల మీద. నవ్వొచ్చింది. నవ్వితే ఆయాసం వచ్చింది.

పైనుంచి మా వాళ్లు దిగుతూ కనిపించారు. అందరికంటే ముందు మా ఆయన, కర్ర ఆనించుకుని, మోకాలు చూసుకుంటూ. తలెత్తి నన్ను చూశారు. ఆయన మొహం అంత వెలిగిపోవడం నేను చాలా ఏళ్లుగా చూడలేదు.

"తెచ్చావా? నాకు తెలుసు, నువ్వు తెస్తావని తెలుసు," అంటూ వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా, "బ్యానర్ వచ్చేసిందిరా! పదండి, మళ్లీ ఎక్కుదాం. ఎంతసేపు, ఇంకొంచెమే కదా," అన్నారు.

అలిసిపోయిన మనుషులు మూలుగుతూ, నవ్వుతూ వెనక్కి తిరగబోయారు.

"నేను బ్యానర్ తేలేదండీ," అన్నాను.

"మరి?"

"వంట టెంటు మూతికి కట్టేశాను. కోతులు దూరకుండా."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆయన నా వెనక కినాంతిని చూశారు, నా బూట్లు చూశారు, వాలు కింద మా టెంట్లున్న వైపు చూశారు. "అక్కడ ఎవరున్నారు?" అన్నారు.

"ఎవరూ లేరు."

"బుద్ధుందా వుర్? సరే, జరిగిందేదో జరిగింది. పద, దిగుదాం. అందరూ ఆకలితో ఉన్నారు."

నేను తలెత్తి చూశాను. మబ్బు అంచున శిఖరం కనపడీ కనపడకుండా ఉంది. ఆ దారిలో అందరూ అందరినీ అడిగే మాటే నేనూ అడిగాను.

"ఇంకెంత దూరం?"

ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. "చాలా ఉంది. నీ వల్ల కాదు."

మా కొండలమీద ముక్కూమొహం తెలియని వాడికి కూడా ఎవరూ ఆ మాట చెప్పరు. వాంతులు చేసుకుంటూ కూలబడిన వాడి పక్కన కూర్చుని కూడా దగ్గరే అనే చెబుతారు. రెండు నిమిషాల కిందట బ్యానర్‌కి ఇంకొంచెమే అయిన దారి, నాకు చాలా దూరమైపోయింది. అక్కడున్న మగవాళ్లంతా ఆ తేడా విన్నారు. ఒక్కొక్కరే కళ్లు దించుకున్నారు. నాకు ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. లోపల ఎక్కడో ఇన్నాళ్లూ బిగుసుకుని ఉన్నదేదో తేలికైపోయింది. ఆయన ఒప్పుకుంటే వెళ్దామని కదా ఇన్నేళ్లూ టెంటు ముందు కూర్చున్నాను. ఆయన ఒప్పుకోరు. చెడ్డవాడై కాదు, ఆయన లెక్కలో నాకూ ఆ శిఖరానికీ మధ్య దారే లేదు. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఇంత పెద్ద కొండ కావాల్సి వచ్చింది.

"బియ్యం సంచిలో ఉన్నాయి," అన్నాను. "ఊట దగ్గర నీళ్లున్నాయి. ఎండుచేపల గిన్నెమీద రాయి ఉంది, తీసేటప్పుడు కాలిమీద పడకుండా చూసుకోండి."

"వుర్."

"మోకాలు జాగ్రత్త. పక్కకి తిరిగి దిగండి."

ఆయన పక్కనుంచి ఎక్కి ముందుకు వచ్చేశాను. వెనక కినాంతి గలీహ్ దగ్గర ఆగడం తెలిసింది. అతనేదో గొణిగాడు. "నీ సీసాలో నీళ్లు మిగిలాయా? ఇటివ్వు," అంది ఆ పిల్ల. అతను తీసిచ్చాడు. తన చేతికున్న గ్లవ్స్ కూడా తీసిచ్చాడు.

ఆ తర్వాత నడక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. చివరి మలుపుల దగ్గర చేతులతో కూడా ఎక్కాను. తలగుడ్డ లోపలికి ఇసక పోయింది, నోట్లో కూడా ఇసకే. రెండుసార్లు కూర్చుండిపోయాను. ఒకసారి లేవలేననే అనుకున్నాను. పైనుంచి దిగుతున్న ఒక ముసలాయన, ఎవరో ఏ ఊరో, నన్ను దాటుతూ, "ఇంకొంచెమే అమ్మా. దగ్గరే," అన్నాడు. పచ్చి అబద్ధం. అలాంటివి ఎన్ని చెప్పాను నేను! అయినా లేచి నిలబడ్డాను. ఆ మాట అవతలివైపు నుంచి వింటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

శిఖరం చిన్నది. మా వంటింటి అంత కూడా ఉండదేమో. కినాంతి ముందే చేరి రాళ్లచాటున కూర్చుంది. నేను వెళ్లగానే ఏమీ అనకుండా జరిగి చోటిచ్చింది. ఒకపక్క సరస్సు, దాని మధ్య పొగలు కక్కే చిన్న కొండ, ఇంకోపక్క సముద్రం, దూరంగా బాలీ ద్వీపపు కొండ. ఇప్పుడు ఏడ్చాను, గట్టిగానే ఏడ్చాను. ఎందుకని అడిగితే ఏడుపుకి కారణాలు చాలా ఉన్నాయి, సంతోషం కూడా అందులో ఒకటి. ఎవరు చెప్పిన మాటల్లోనూ ఆ గాలి లేదు. చెవుల్లో దూరి, ఒంట్లోంచి బయటికి పోతున్నట్టుంది.

తర్వాత కిందికి వెతికి చూశాను. గట్టు అంచున నారింజ రంగు చుక్క. మా పెద్ద టెంటు. దాని ముందు ఈపాటికి మా ఆయన కూర్చుని ఉండాలి. ఎంత కళ్లు చికిలించినా మనిషి కనపడలేదు. ఇంత ఎత్తు నుంచి కనపడరు. ఇన్నేళ్లూ నేను ఆయనకి చుక్కలాగా కనపడ్డానంటే అందులో అబద్ధమేమీ లేదు. పైనే నిలబడిపోయిన వాళ్లకి అంతే కనపడుతుంది.

"ఫోటో తీయనా అక్కా?" అంది కినాంతి.

"నన్ను కాదు, ఆ చుక్కని తియ్యి," అన్నాను. నడవలో గోడమీద దానికి చోటు కూడా చూసిపెట్టుకున్నాను, కెరించి పక్కనే.

దిగొచ్చేసరికి ఎండ వాలుతోంది. కోతులు టెంపే మొత్తం తినేశాయి. ఆ సంచీ చిరిగి ముళ్లపొదకి వేలాడుతోంది. బ్యానర్ మాత్రం ఇంకా టెంటు మూతికి అలాగే ఉంది, ముడి విప్పడం ఎవరికీ చేతకాక కింది నుంచి దూరి సామాను తీసుకున్నట్టున్నారు. మగవాళ్లు ఎవరికి వాళ్లు రాళ్లమీద కూలబడి బిస్కెట్లు నములుతున్నారు. నన్ను చూసి గలీహ్ లేచి నిలబడ్డాడు. మిగతావాళ్లు కూడా సర్దుకున్నారు. పిల్లలకి పరీక్ష పేపర్లు ఇచ్చేటప్పుడు క్లాసులో అలాంటి నిశ్శబ్దం ఉంటుంది.

మా ఆయన స్టవ్ ముందు గొంతుకూర్చుని ఉన్నారు. మోకాలు ఒకటి చాపుకున్నారు. మొహమంతా మసి. గిన్నెమీద మూత ఎత్తి చూస్తున్నారు, పెడుతున్నారు, మళ్లీ ఎత్తుతున్నారు. అలా మాటిమాటికీ ఎత్తితే అది ఈ జన్మకి ఉడకదు. నా చేతులు వాటంతటవే ముందుకు రాబోయాయి. వాటిని వెనక్కి కట్టుకుని, ఆయన దగ్గరికెళ్లి నిలబడ్డాను. పైన ఎలా ఉందని అడుగుతారేమోనని చూశాను. అడగలేదు. ఒక మెతుకు వేళ్ల మధ్య నలిపి చూసుకున్నారు, పలుకు తగిలింది. ఆకలి కంటే అవమానం ఎక్కువగా ఉంది ఆ మొహంలో. నావైపు చూడకుండానే అడిగారు.

"ఇది ఇంకెంతసేపు వుర్?"

నేను టెంటు ముందు కూర్చుని బూట్లు విప్పాను. గుప్పెడు ఇసక రాలింది. కాళ్లు చాపుకుని, స్లీపింగ్ బ్యాగుని తలకింద పెట్టుకుని వెనక్కి వాలాను.

"ఇంకొంచెమే," అన్నాను. "దగ్గరే."